పెదవి వాపు, అంగస్తంభన లోపం ఒకే మనిషిలో: మందుల చీటీలో ఎక్కడ వెతకాలి?

చీటీచదువరి (ప్రశ్న)

ఒక మందుల చీటీ మీద సందేహం. మనిషి వయసు 56. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. మూడేళ్ళుగా ఉదయం రామిప్రిల్ 5, అటెనొలాల్ 50. రాత్రి ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్) 75, అటోర్వాస్టాటిన్ 10. షుగర్‌కి మొదట్లో మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉండేది. ఏడు నెలల కిందట దాన్ని తీసేసి మెట్‌ఫార్మిన్ 500, విల్డాగ్లిప్టిన్ 50 కలిసిన మాత్ర రెండు పూటలా రాశారు.

గత ఐదు నెలల్లో మూడుసార్లు పెదవి వాచింది. ఒకసారి పైపెదవి, రెండుసార్లు కిందిపెదవి, ఆఖరిసారి కుడిచెంప కూడా. దద్దుర్లు లేవు, దురద లేదు, చర్మం బిగిసినట్టు మాత్రం ఉంటుందట. రెండో రోజు సాయంత్రానికి తీసిపోతుంది. మూడుసార్లూ సెట్రిజిన్ (అలెర్జీ మాత్ర), బెట్నెసాల్ (స్టెరాయిడ్) వాడారు.

అంగస్తంభన సరిగా లేకపోవడం అంతకంటే పాత మాట, సుమారు రెండేళ్ళుగా ఉంది. దానికి ఈ నెల సిల్డెనఫిల్ 50 రాశారు. ఇంకా మొదలుపెట్టలేదు.

ఈ రెండింటికీ ఒకదానితో ఒకటి సంబంధం ఉందా? వాపు వచ్చే మనిషి సిల్డెనఫిల్ వేసుకోవచ్చా? ముందు ఏ పరీక్ష చేయించమనాలి?


వార్డురౌండు

చీటీలో ఏముందో రాశారు, ఏది ఎప్పుడు మొదలైందో కూడా రాశారు. ఈ రెండోదే చాలామంది రాయరు. దానివల్లే సగం పని తేలికైంది.

ఒక జబ్బు రెండో జబ్బును తెచ్చిపెట్టలేదు. రెండింటికీ ఉమ్మడి చిరునామా ఆ మందుల పట్టీలు, వాటి వెనకున్న బీపీ, షుగర్. ముందు వాపు సంగతి చూద్దాం, ప్రాణం మీదికి తెచ్చేది అదే.

చర్మం లోపలి పొరల్లో వచ్చే ఈ వాపుని యాంజియోఎడీమా అంటారు. ఇందులో రెండు దారులున్నాయి. ఒకటి హిస్టమిన్ (అలెర్జీలో ఒంట్లో విడుదలయ్యే పదార్థం) దారి: దురద, దద్దుర్లు వెంట వస్తాయి, నిమిషాల్లో ఎక్కుతుంది, మామూలుగా ఒక రోజులోపు దిగుతుంది, సెట్రిజిన్ లాంటివాటికి లొంగుతుంది. రెండోది బ్రాడీకైనిన్ దారి: దురద ఉండదు, దద్దు ఉండదు, కొన్ని గంటలపాటు మెల్లగా ఎక్కి 24 నుంచి 72 గంటల్లో తనంతట తానే దిగుతుంది. వేలితో నొక్కితే గుంట పడదు. రెండు వైపులా సమంగా ఉండదు. మీరు రాసింది అచ్చం ఇదే.

రామిప్రిల్ ఆపేది ఏసీఈ అనే ఎంజైమ్‌ని. బీపీని పెంచే పదార్థాన్ని తయారుచేసేదీ, బ్రాడీకైనిన్‌ని ముక్కలు చేసేదీ ఆ ఎంజైమే. దాన్ని ఆపితే బీపీ దిగుతుంది, బ్రాడీకైనిన్ పేరుకుంటుంది. పేరుకున్నది సన్న రక్తనాళాల గోడల్ని వదులు చేస్తే నీరు చర్మం అడుగుకి ఊరుతుంది. (బ్రాడీకైనిన్‌ని 1948లో బ్రెజిల్‌లో కనిపెట్టింది జరారాకా అనే రక్తపింజర జాతి పాము విషం మీద పనిచేస్తూ. ఆ విషం చూపిన దారిలోనే 1981లో క్యాప్టోప్రిల్ మార్కెట్లోకి వచ్చింది. ‘ప్రిల్’ కుటుంబానికంతటికీ పెద్దన్న అదే.)

ఏసీఈ మందులు వాడేవాళ్ళలో వెయ్యికి ఒకరి నుంచి ఏడుగురి దాకా ఈ వాపు వస్తుంది. మొదటి వారంలోనే రావాలని లేదు. నెలల తర్వాత, ఏళ్ళ తర్వాత కూడా మొదలవుతుంది. ‘మూడేళ్ళుగా పడుతున్న మాత్ర ఇప్పుడెందుకు పడదు’ అనే వాదం ఇక్కడ చెల్లదు.

మరి మూడేళ్ళు ఊరుకున్నది ఈ ఐదు నెలల్లోనే ఎందుకు? విల్డాగ్లిప్టిన్ మొదలైన తేదీ చూడండి. అది ఆపే డీపీపీ-4 కూడా ఇలాంటి పదార్థాల్ని ముక్కలు చేసే ఎంజైమే, ముఖ్యంగా సబ్‌స్టెన్స్ పీ అనేదాన్ని. ఒక కాలువ అప్పటికే మూసి ఉంది, రెండోది కూడా మూశారు. విల్డాగ్లిప్టిన్ పరీక్షల వివరాలన్నీ కలిపి 2009లో చేసిన విశ్లేషణలో, ఏసీఈ మందుతో కలిపి వాడినవాళ్ళలో ఈ వాపు అవకాశం సుమారు నాలుగున్నర రెట్లుగా తేలింది. ఒంటరిగా వాడినప్పుడు ఆ పెరుగుదల కనిపించలేదు. మన దగ్గర ప్రిల్, గ్లిప్టిన్ కలిసి ఎన్ని చీటీల్లో ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు.

సెట్రిజిన్, బెట్నెసాల్ పనిచేశాయనుకోవడం కాకి వాలడం, తాటిపండు పడటం లాంటిది. రెండో రోజుకి అది ఎలాగూ దిగేదే.

చేయాల్సింది: రాసిన డాక్టరుతో మాట్లాడి రామిప్రిల్ ఈ రోజే ఆపించాలి, అదే రోజు మరో బీపీ మాత్ర మొదలుపెట్టించాలి. ‘వాపొచ్చినప్పుడు ఆపుతా, తగ్గాక వేసుకుంటా’ అనేది అన్నింటికన్నా ప్రమాదం, తర్వాతి వాపు నాలుకకి రావచ్చు. బదులుగా అమ్లోడిపిన్ 5 సాధారణంగా మొదటి ఎంపిక. చీటీ మొదటి పేజీలో ఎర్రసిరాతో ‘ప్రిల్ మందులు వద్దు’ అని రాయించాలి. రామిప్రిల్ అని రాస్తే సరిపోదు. ఊరు మారాక ఎవరో ఒకరు ఎనలాప్రిల్ రాస్తారు, మళ్ళీ మొదటికొస్తుంది. ఎనలాప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్ అన్నీ ఒక తాను ముక్కలే. గ్లిప్టిన్ విషయం కూడా డాక్టరు దృష్టికి తేవాలి. రామిప్రిల్ పోతే దాని వల్ల పెద్ద చిక్కు లేదు గానీ, వాపు సద్దుమణిగేదాకా మార్చిపెట్టేవాళ్ళున్నారు.

రామిప్రిల్ ఆపిన మొదటి నెలలో వాపు మరోసారి రావచ్చు. అది చూసి ‘అయితే కారణం ఇది కాదు’ అని మళ్ళీ మొదలెట్టకండి.

నాలుక మందమవడం, గొంతు మారి ముద్దగా రావడం, ఉమ్ము మింగలేక కారిపోవడం, ఊపిరి పీల్చేటప్పుడు చప్పుడు: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయాలి. పడుకోబెట్టకూడదు, నీళ్ళు పట్టకూడదు. కారణం తేలని చోట ఎడ్రినలిన్ 0.5 మిల్లీగ్రాములు, అంటే వెయ్యికి ఒకటి పాళ్ళలో ఉన్న మందు అర మిల్లీలీటరు, తొడ బయటివైపు మధ్యలో కండలోకి ఇస్తారు. అలెర్జీ అయితే అదే ప్రాణం కాపాడుతుంది. బ్రాడీకైనిన్ వాపు దానికి నమ్మకంగా దిగదు కాబట్టి, ఇంజెక్షన్ ఇచ్చి ఇంటికి పంపడం కుదరదు. గొంతులో గొట్టం వేయగల మత్తు డాక్టరు ఉన్న చోటికే తీసుకెళ్ళాలి. బ్రాడీకైనిన్‌ని అడ్డుకునే ఐకాటిబాంట్ 30 మిల్లీగ్రాములు చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్ ఉంది గానీ ప్రతి ఆసుపత్రిలో ఉండదు, ఖరీదూ ఎక్కువే. లేనిచోట ప్లాస్మా ఎక్కించి చూస్తారు.


రెండోఅంతస్తు

వాపు మీద పై జవాబు చాలు. స్తంభన లోపం మీద నాలుగు మాటలు.

ఇది రెండేళ్ళ నాటిది, వాపు ఐదు నెలల నాటిది. వెనక వచ్చింది ముందున్నదానికి కారణం కాలేదు. అలాగే రామిప్రిల్ మీద ఈ నేరం మోపలేం. ప్రిల్ మందులు స్తంభనను పెద్దగా చెడగొట్టవు. నిజానికి బ్రాడీకైనిన్ రక్తనాళం గోడను తాకితే నైట్రిక్ ఆక్సైడ్ విడుదలవుతుంది, అంగంలోకి రక్తాన్ని వదిలే తలుపు తెరిచేదీ నైట్రిక్ ఆక్సైడే. రెండింటి మధ్య లోతైన సంబంధం అంటూ ఉంటే ఇదొక్కటే. పెదవిలో నీరు ఊరడానికీ, అక్కడ రక్తం నిండడానికీ దారి ఒకే వీధిలోంచి పోతుంది. కానీ ఒకటి చెడితే రెండోది చెడుతుందని దాని అర్థం కాదు.

అసలు అనుమానితుడు షుగర్. అది నరాన్నీ దెబ్బతీస్తుంది, నాళం గోడనీ దెబ్బతీస్తుంది. అంగంలోని ధమని వెడల్పు 1 నుంచి 2 మిల్లీమీటర్లు, గుండె ధమనిది 3 నుంచి 4. ఒకే మందాన కొవ్వు పేరుకుంటే ముందు మూసుకునేది సన్నదే. అందుకే చాలామందిలో స్తంభన లోపం గుండెజబ్బు కంటే రెండు మూడేళ్ళు ముందు తలుపు తడుతుంది. 56 ఏళ్ళ షుగర్ మనిషికి ఇది పడకగది సమస్య అని చీటీ రాసి పంపేది కాదు. ఈసీజీ, పరగడుపున కొవ్వుల పరీక్ష, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చూడాలి. టెస్టోస్టిరాన్ పరగడుపున ఉదయం పది లోపు తీయాలి. సాయంత్రం తీస్తే మామూలు మనిషికీ తక్కువ చూపిస్తుంది. డెసిలీటరుకు 300 నానోగ్రాముల కంటే తక్కువ వస్తే వేరే రోజు మళ్ళీ తీయాలి, ఒక్క రిపోర్టు మీద ఇంజెక్షన్లు మొదలెట్టకూడదు. బెట్నెసాల్ వాడుతున్న రోజుల్లో అసలు తీయకూడదు. స్టెరాయిడ్ తాత్కాలికంగా దాన్ని అణిచేస్తుంది, షుగర్‌నీ పైకెత్తుతుంది. వాపు వచ్చినప్పుడల్లా బెట్నెసాల్ అలవాటైతే రెండేళ్ళ సమస్య ఇంకా ముదురుతుంది. ఇదొక దొంగ సంబంధం: వాపు స్తంభనను చెడగొట్టదు, వాపుకి వాడిన మందు చెడగొడుతుంది.

అలాంటిదే రెండోది దురద మాత్ర. హైడ్రాక్సిజిన్, క్లోర్‌ఫెనిరమిన్ లాంటి మత్తు తెచ్చే పాత మందులు నెలల తరబడి వాడితే స్తంభన మెత్తబడొచ్చు. ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ లాంటివాటితో ఆ బాధ తక్కువ.

ఇక అటెనొలాల్. పాత బీటా మందులకి ఈ చెడ్డపేరు ఉంది, కొంత నిజమే. కానీ 2003లో ఇటలీలో 96 మందికి అటెనొలాల్ 50 ఇచ్చి చేసిన పరీక్ష గుర్తుంచుకోవాలి. ఏ మందో తెలియనివాళ్ళలో స్తంభన ఇబ్బంది చెప్పింది 3 శాతం. మందు పేరు చెప్పినవాళ్ళలో 16 శాతం. పేరుతో పాటు ‘ఈ ఇబ్బంది రావచ్చు’ అని కూడా చెప్పినవాళ్ళలో 31 శాతం. కౌంటర్ దగ్గర ‘ఈ మాత్రతో అది పోతుందండీ’ అని ఒక్క మాట అంటే అంత పని చేస్తుంది. అయినా అటెనొలాల్ మార్చే అవకాశం ఉంటే మార్చమని అడగడంలో తప్పులేదు. గుండెకి బీటా మందు తప్పనిసరి కాకపోతే తీసేయొచ్చు, కావాలంటే నెబివొలాల్ 5 మేలు. సొంతంగా ఒక్కసారిగా ఆపితే మాత్రం గుండె దడదడలాడుతుంది, గుండెనొప్పి కూడా తెచ్చుకోవచ్చు.

నిద్ర లేచేసరికి స్తంభన ఉంటోందా అని అడగండి. ఉంటే నాళాలు, నరాలు ఇంకా పనిచేస్తున్నట్టే, మనసు వైపు కూడా చూడాలి. రెండేళ్ళుగా అదీ లేకపోతే శరీరం వైపే మొగ్గు.


చీటీచదువరి

ఇద్దరికీ ధన్యవాదాలండీ. ఒక విషయం ఇప్పుడే కనిపించింది. చీటీలో ‘రామిప్రిల్ 5’ అని ఉంది గానీ, ఆయన వాడే పట్టీ మీద పేరు చివర ‘హెచ్’ అని అక్షరం ఉంది. దీనివల్ల ఏమైనా తేడానా? ఇంకోటి, ప్రిల్ ఆపాక సార్టాన్ రకం బీపీ మందు టెల్మిసార్టాన్ ఇవ్వొచ్చా?


రెండోఅంతస్తు

తేడా ఉంది. ‘హెచ్’ అంటే హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిందని, మామూలుగా 12.5 మిల్లీగ్రాములు. మన పట్టీల మీద ఇదో చిన్న భాష: ‘ఏఎం’ అంటే అమ్లోడిపిన్, ‘సీటీ’ లేదా ‘సీహెచ్’ అంటే క్లోర్తాలిడోన్, షుగర్ మాత్ర చివర ‘ఎం’ అంటే మెట్‌ఫార్మిన్. పెద్దక్షరాల పేరు కాకుండా వెనక సన్నక్షరాల్లో ఉన్న కూర్పు చదవాలి.

థయజైడ్ జాతి నీటిమాత్రలు కూడా స్తంభనని కొంత దెబ్బతీస్తాయి. ఒక పెద్ద బీపీ పరీక్షలో క్లోర్తాలిడోన్ వాడినవాళ్ళలో రెండేళ్ళ దగ్గర చూస్తే ఉత్తుత్తి మాత్రవాళ్ళ కంటే రెట్టింపు మంది ఈ ఇబ్బంది చెప్పారు, నాలుగేళ్ళు గడిచేసరికి తేడా చెరిగిపోయింది. అంటే ఈయన దగ్గర షుగర్, అటెనొలాల్, థయజైడ్ మూడూ ఒకే పళ్ళెంలో ఉన్నాయి. రామిప్రిల్ పట్టీ ఎలాగూ మారుతోంది కాబట్టి దానితో పాటు ‘హెచ్’ కూడా పోతుంది. బీపీ అదుపులో ఉంటే మళ్ళీ చేర్చక్కర్లేదని డాక్టరుని అడగండి.

సార్టాన్ మందులు స్తంభనకి అడ్డు కావు. వాపు మాటకొస్తే ప్రిల్‌తో వాచినవాళ్ళలో కొద్దిమందికి సార్టాన్‌తో కూడా వస్తుంది. అందుకని చాలామంది డాక్టర్లు ముందు అమ్లోడిపిన్‌తో నెట్టుకొచ్చి, కొన్ని వారాలు వాపు లేకుండా గడిచాకే, అదీ షుగర్ వల్ల మూత్రంలో ఆల్బుమిన్ పోతుంటేనో గుండె బలహీనంగా ఉంటేనో సార్టాన్ మొదలెడతారు. సాకుబిట్రిల్ కలిసిన గుండె మాత్ర మాత్రం ఈయనకి ఎప్పటికీ కుదరదు. అది బ్రాడీకైనిన్‌ని ముక్కలు చేసే ఇంకో ఎంజైమ్ని ఆపుతుంది.

అమ్లోడిపిన్ మొదలెట్టాక చీలమండలు వాస్తే కంగారుపడి ‘మళ్ళీ వాపు’ అని రాయకండి. అది వేలితో నొక్కితే గుంట పడే వాపు, సాయంత్రానికి ఎక్కువ, తెల్లారేసరికి తక్కువ. యాంజియోఎడీమా కాదు.


గుక్కెడునీళ్ళు

సిల్డెనఫిల్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు, నేను చెబుతాను.

ఈ వాపు చరిత్ర ఉన్నంత మాత్రాన సిల్డెనఫిల్ నిషేధం కాదు. అది బ్రాడీకైనిన్‌ని పెంచే మందు కాదు. దానికే అలెర్జీ ఉండి పెదవి, ముఖం వాచే సందర్భాలు అరుదు. ముఖం వేడెక్కి ఎర్రబడటం, ముక్కు దిబ్బడ, తలనొప్పి మాత్రం మామూలు. వాటిని వాపుతో కలిపి చూడకూడదు.

అయినా ఈ నెల మొదలెట్టొద్దు. కారణం లెక్కకి సంబంధించింది. రామిప్రిల్ ఆపిన కొత్తలో మరో వాపు రావచ్చని పైన చెప్పారు. అదే సమయంలో సిల్డెనఫిల్ వేస్తే, వాచినప్పుడు దొంగ ఎవరో తేలదు, మంచి మందు ఒకటి ఊరికే జీవితాంతం దూరమవుతుంది. కనీసం నాలుగు వారాలు వాపు లేకుండా గడవనివ్వండి. ఒకసారికి ఒకే మార్పు.

మొదలెట్టే ముందు చూడాల్సింది నైట్రేట్. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్, రోజూ వేసే ఐసోసార్బైడ్ మాత్రలు, నికొరాండిల్ ఇంట్లో ఉన్నా సరే సిల్డెనఫిల్ కూడదు. బీపీ ఒక్కసారిగా కూలిపోతుంది. జేబులో అవసరానికి ఉంచుకున్న సార్బిట్రేట్ చాలామంది చెప్పరు, రోజూ వేసుకోరు కాబట్టి మందుల లెక్కలో వేయరు. సిల్డెనఫిల్ వేశాక ఛాతీ నొప్పి వస్తే 24 గంటలు, అదే రకం మందు టడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ ఇవ్వకూడదు. ఆసుపత్రిలో అడగకముందే ఆ మాట చెప్పాలి. సిగ్గుపడే చోటు అది కాదు. ప్రొస్టేట్‌కి టామ్సులోసిన్, బీపీకి ప్రాజోసిన్ వాడుతుంటే 25తోనే మొదలెట్టాలి, లేచి నిలబడేటప్పుడు కళ్ళు తిరుగుతాయి. రెండు అంతస్తుల మెట్లు ఆగకుండా, ఆయాసం లేకుండా ఎక్కగలుగుతున్నాడా అన్నది కూడా అడగాలి. లేకపోతే మాత్ర కంటే ముందు గుండె డాక్టరు.

వాడే పద్ధతి: గంట ముందు, ఒక గ్లాసు నీళ్ళతో, కడుపు నిండుగా లేనప్పుడు. బిర్యానీ తిని వేసుకుంటే మందు ఎక్కడానికి మరో గంట పడుతుంది, బలం కూడా తగ్గుతుంది. ‘పనిచేయలేదు’ అనేవాళ్ళలో ఎందరిదో కారణం ఇదే. కోరిక, స్పర్శ లేకుండా మాత్ర ఒక్కటే పనిచేయదు, తలుపు తెరిచే మనిషి ఉంటే గడియకి నూనె రాయడం లాంటిది అది. 24 గంటల్లో ఒక్కసారికి మించకూడదు. రెండుసార్లు వేసి వదిలేయకుండా వేర్వేరు రోజుల్లో ఆరేడుసార్లు సరిగా వాడి చూశాకే లాభం లేదనాలి. నాలుగు గంటలు దాటినా దిగకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి.

చివరిది. ‘ఆయుర్వేదం, మూలికలు’ అని పొట్లాల్లో, నెట్‌లో అమ్మే సత్తువ మాత్రల్లో సిల్డెనఫిల్ దొంగతనంగా కలిపినవి దొరుకుతున్నాయని అమెరికా ఎఫ్‌డీఏ ఎన్నోసార్లు ప్రకటించింది. ఎంత కలిపారో తెలియదు, రంగులు ఏమిటో తెలియదు. పెదవి వాచే మనిషి అలాంటివి ఏమైనా వాడాడా అని మెల్లగా, ఇంట్లోవాళ్ళు పక్కన లేనప్పుడు అడగండి.


వార్డురౌండు

గుక్కెడునీళ్ళు గారు చెప్పిన ‘ఒకసారికి ఒకే మార్పు’ రామిప్రిల్ విషయంలో వర్తించదు, అది వెంటనే పోవాల్సిందే. మిగతావాటికి సరిగ్గా సరిపోతుంది.


తెల్లకోటుకాదు

అందరూ రామిప్రిల్ మీదే ఉన్నారు, ఈ కేసులో అది న్యాయమే. కానీ ఈ చర్చ వెతుక్కుంటూ వచ్చేవాళ్ళలో ప్రిల్ వాడనివాళ్ళూ ఉంటారు. వాళ్ళ కోసం రెండు మాటలు.

ప్రిల్ లేదు, దద్దు లేదు, దురద లేదు, వాపు చిన్నప్పటి నుంచి లేదా పదిహేనేళ్ళ లోపు మొదలైంది, రెండు నుంచి ఐదు రోజులుంటుంది, మధ్యమధ్య తట్టుకోలేని కడుపునొప్పి, వాంతులు. ఇలా ఉంటే వంశపారంపర్య యాంజియోఎడీమా అనుమానించాలి. సుమారు యాభై వేలలో ఒకరికి. సీ1 ఇన్‌హిబిటర్ అనే ప్రోటీన్ తక్కువగా ఉండటమో, ఉన్నా పనిచేయకపోవడమో కారణం. పేగు గోడ వాచిన నొప్పిని అపెండిక్స్ అనుకుని కడుపు కోసినవాళ్ళు ఉన్నారు. ఇంట్లో ఎవరికీ లేదంటే కాదనలేం, నాలుగింట ఒకరికి అది వాళ్ళతోనే మొదలవుతుంది. మొదటి పరీక్ష రక్తంలో సీ4 అనే ప్రోటీన్. వాపు ఉన్న రోజున మామూలుగా వస్తే ఆ జబ్బు అవకాశం బాగా తక్కువ. తక్కువ వస్తే సీ1 ఇన్‌హిబిటర్ పరిమాణం, పనితీరు రెండూ అడగాలి. పరిమాణం ఒక్కటే చూస్తే రెండో రకం జారిపోతుంది.

ఇక్కడ స్తంభన ఎందుకొచ్చిందంటే, ఈ జబ్బుకి మన దగ్గర ఎక్కువగా వాడేది డనజాల్, స్టనొజొలాల్. చవక, నోటితో వేసుకునేవి. ఇవి మగ హార్మోన్ జాతివే కాబట్టి ‘కోరిక పెరుగుతుంది’ అనుకుంటారు. జరిగేది తరచూ తిరగబడుతుంది: మెదడు ‘బయట నుంచి వస్తోంది కదా’ అని వృషణాల్ని పనిచేయించే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లని తగ్గిస్తుంది, సొంత టెస్టోస్టిరాన్, వీర్యకణాలు తగ్గుతాయి. ఇంకో చిక్కు రిపోర్టులో ఉంది. డనజాల్ రక్తంలో టెస్టోస్టిరాన్‌ని మోసే ప్రోటీన్‌ని కిందికి దించుతుంది, కాబట్టి మొత్తం టెస్టోస్టిరాన్ అంకె నిజంగా ఉన్న లోటు కంటే పెద్ద లోటు ఉన్నట్టు చూపిస్తుంది. ఆ ఒక్క అంకె చూసి టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ మొదలెట్టకూడదు, ఎల్‌హెచ్, స్వేచ్ఛగా ఉన్న టెస్టోస్టిరాన్ కలిపి చదవాలి.

డనజాల్‌ని ఎంత తక్కువతో సరిపెట్టగలిగితే అంత, రోజుకి 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉంచాలంటారు. ఆరు నెలలకోసారి కాలేయ పరీక్షలు, కొవ్వుల పరీక్ష తప్పవు. మంచి కొవ్వు హెచ్‌డీఎల్ దిగజారుతుంది, అది మళ్ళీ నాళాలకీ, స్తంభనకీ చేటు. స్తంభన చెడిందని హఠాత్తుగా ఆపేస్తే వాపులు తిరగబడతాయి. మోతాదు తగ్గించడం, ట్రనెక్సామిక్ యాసిడ్‌కి మారడం లాంటివి డాక్టరుతోనే. ఈ జబ్బువాళ్ళకి ప్రిల్ మందు పొరపాటున కూడా పడకూడదు.

అసలు ప్రశ్నలోని మనిషికి రామిప్రిల్ ఆపిన మూడు నెలల తర్వాత కూడా వాపులు ఆగకపోతే సీ4తో పాటు సీ1క్యూ అనే ఇంకో రక్తపరీక్ష చేయించండి. నలభై దాటాక కొత్తగా వచ్చే రకం ఒకటుంది, సీ1క్యూ తగ్గేది అందులోనే. దాని వెనక రక్తకణాల జబ్బు దాగి ఉండొచ్చు.


చీటీచదువరి

వాపు అంగం మీదే వస్తే? ఇక్కడ కాదు, ఇంకో ప్రశ్న వచ్చింది కాబట్టి అడుగుతున్నా.


తెల్లకోటుకాదు

వంశపారంపర్య రకంలో ఒత్తిడి, రాపిడి వల్ల అక్కడ వాచడం తెలిసిన సంగతే: బైకు మీద దూర ప్రయాణం, సంభోగం. వృషణాల సంచి, ముందుచర్మం ఉబ్బుతాయి, నొప్పి కంటే బరువెక్కువ, రెండు మూడు రోజుల్లో దిగుతుంది. అది స్తంభన కాదు, లోపలి గొట్టాల్లోకి రక్తం పోవడం లేదు, పైచర్మంలో నీరు.

కండోమ్ వాడిన గంటలోపు దురదతో వాస్తే లేటెక్స్ అలెర్జీ. బెలూన్ ఊదినా, పంటి డాక్టరు గ్లౌజు తగిలినా పెదవి ఉబ్బుతుందా, అరటిపండు, కివీ తింటే నోరు దురదపెడుతుందా అని అడగండి. లేటెక్స్ లేని రకాలు ఉన్నాయి.

షుగర్ మనిషిలో ముందుచర్మం ఎర్రబడి, పగిలి, తెల్లటి పొరతో వాస్తే ఫంగస్. డపాగ్లిఫ్లోజిన్ జాతి మాత్రలు మూత్రంలోకి చక్కెర పంపుతాయి కాబట్టి వాటితో ఇది ఎక్కువ. చర్మం వెనక్కి లాగాక ముందుకి రాక బిగుసుకుంటే గంటల్లో ఆసుపత్రికి చేరాలి. వాపుతో పాటు జ్వరం, చర్మం నల్లబడటం, ముట్టుకోనివ్వని నొప్పి ఉంటే అదే రాత్రి సర్జన్ దగ్గరికి. నెలల తరబడి తగ్గకుండా చర్మం మందమవుతూ పోయేది వేరు. శ్రీకాకుళం, గోదావరి జిల్లాల వైపు మనిషైతే బోదకాలు సంగతి గుర్తుంచుకోండి.

ముఖం ఉబ్బు రోజూ ఉండి, వస్తూ పోతూ ఉండకపోతే, బొంగురు గొంతు, చలి, నీరసం, స్తంభన లోపం కలిసి ఉంటే థైరాయిడ్. పైన టీఎస్‌హెచ్ అడిగింది అందుకే. థైరాక్సిన్‌తో రెండూ తగ్గుతాయి.


గుక్కెడునీళ్ళు

చీటీచదువరి గారూ, ఆయనకి వాపు వచ్చిన రోజు ఫోటో తీయించండి, ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, నాలుక చాపి ఒకటి. మొదలైన గంట, అంతకుముందు 24 గంటల్లో వేసుకున్న ప్రతి మాత్ర రాసిపెట్టాలి. కీళ్ళనొప్పికి వేసుకున్న డైక్లోఫెనాక్, ఎకోస్ప్రిన్ కూడా. ఆ రెండూ హిస్టమిన్ రకం వాపుని రెచ్చగొడతాయి. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి పెదవి మామూలైపోయి ఉంటుంది, ఆ ఫోటోయే సాక్ష్యం.


వార్డురౌండు

ఒక మందు మరిచిపోయాం. విరేచనాలకి రాసెకడోట్రిల్ వాడుతుంటారు. అదీ సాకుబిట్రిల్ ఆపే ఎంజైమ్నే ఆపుతుంది. ప్రిల్ వాడే మనిషికి విరేచనాలైనప్పుడు ఇది ఇస్తే పెదవో నాలుకో వాచే ప్రమాదం పెరుగుతుంది. ఈయనకి రామిప్రిల్ ఆపాక కూడా వద్దు. ఓఆర్‌ఎస్ ఇవ్వండి.